కంటికి ఆనని ధూళి: తిరుపతి, చిత్తూరు సీమ గాలికి నూరేళ్ల చరిత్ర

నగరపాలక సంస్థ పారిశుద్ధ్య కార్మికులను ముందుగా తలుచుకోవడానికి కారణం ఉంది. నేను ఇప్పుడు చెప్పబోయేది, తెల్లవారకముందే వీధులు ఊడ్చేవారి ఊపిరితిత్తులకు మనందరికంటే ముందే తెలుసు.

భూగోళ శాస్త్రం బోధించిన ఒక అధ్యాపకుని పేరిట జరుగుతున్న స్మారకోపన్యాసం ఇది. వానను, ఎండను రోజూ ఒకే వేళకు చూసి పుస్తకంలో రాసిపెట్టాలని పిల్లలకు నేర్పిన తరం ఆయనది. ఆ తరానికి ఋణపడి ఉన్నాం కాబట్టి ఈ వేదికమీద గాలి గురించి మాట్లాడదలిచాను. రాయలసీమలో నీటి ప్రస్తావన లేకుండా ఏ సభా ముగియదు. చెరువు, బోరు, తెలుగుగంగ, హంద్రీ-నీవా అనే మాటలు పసిపిల్లలకు కూడా తెలుసు. గాలి విషయంలో మాత్రం మనకొక ధీమా ఉంది. శేషాచలం కొండలున్నాయి, అడవి ఉంది, పెద్ద పరిశ్రమలు తక్కువ, పంచభూత క్షేత్రాల్లో వాయులింగానికి నెలవైన శ్రీకాళహస్తి మన పక్కనే ఉంది. మన గాలికేం అనుకుంటాం. ఆ ధీమాలో ఎంత నిజముందో పరిశీలించడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

నా ప్రతిపాదన ఒక్కటే. ఈ నూరేళ్లలో మన పొగ రూపం మార్చుకుంది. కళ్లు మండించే పొగ చాలావరకు తగ్గిపోయింది. కంటికి ఆనని సన్నధూళి ఆ చోటుకు చేరింది. పాత గాలి బాగోగులను కన్ను, ముక్కు తేల్చి చెప్పగలిగేవి. ఇప్పటి గాలి విషయంలో వాటి తీర్పు చెల్లదు. ఏళ్ల తరబడి ఒకే చోట, ఒకే పద్ధతిలో రాసిన లెక్క మాత్రమే దాన్ని తేల్చగలదు. ఆ లెక్క మనకు ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అన్న ప్రశ్న మీదనే మన పిల్లల ఆరోగ్యం ఆధారపడి ఉంది.

చరిత్ర నుంచి మొదలుపెడతాను. 1911 ఏప్రిల్ 1న ఉత్తరార్కాటు, కడప జిల్లాల నుంచి కొన్ని ప్రాంతాలను వేరుచేసి చిత్తూరు జిల్లాను ఏర్పరిచారు. ఆ మరుసటి ఏడాదే మదనపల్లెలో క్షయరోగుల శానటోరియానికి పునాది పడింది. ఊరి బయట అది స్థిరపడిన చోటు ఆరోగ్యవరంగా పేరు తెచ్చుకుంది. 2022లో జిల్లాల విభజన జరిగేదాకా మదనపల్లె చిత్తూరు జిల్లాలోదే. స్ట్రెప్టోమైసిన్ ఇంకా పుట్టని కాలం అది. క్షయకు అప్పటి వైద్యం విశ్రాంతి, మంచి తిండి, ఆరుబయట గాలి. దక్షిణాది నలుమూలల నుంచి రోగులు ఆ పీఠభూమి గాలి కోసం వచ్చేవారు. మన గాలికి మందుగా పేరున్న రోజులు అవి.

అయితే ఆరోగ్యవరం నుంచి మనం నేర్చుకోవలసింది మరొకటి ఉంది. దానికి దీర్ఘకాలం సారథ్యం వహించిన డాక్టర్ ఫ్రిమోట్-మోలర్ శానటోరియానికి వచ్చిన రోగికి చికిత్స చేసి ఊరుకోలేదు. 1950 నుంచి 1955 దాకా మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ బృందాలను పంపి, వ్యాధి ఎవరికుంది, ఎవరికి కొత్తగా వచ్చింది, ఎవరు కోలుకున్నారు, ఎవరు పోయారు అన్నది మళ్లీ మళ్లీ నమోదు చేయించారు. ఆ పరిశీలన 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయింది. ఊపిరితిత్తుల జబ్బును తెలుసుకోవాలంటే ఒకే జనసమూహాన్ని ఏళ్ల తరబడి వెన్నంటి ఉండాలన్న పాఠం ప్రపంచానికి మన పల్లెల నుంచి కూడా అందింది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండవలసింది.

ఆ రోజుల గాలి అంతా స్వచ్ఛమేనని అనుకోకూడదు. పొగ ఇంట్లో ఉండేది. కట్టెల పొయ్యి, పిడకల పొయ్యి ముందు కూర్చుని అమ్మలు, అమ్మమ్మలు పీల్చిన గాలి నేటి ఏ నగర కూడలి గాలికన్నా హీనమైనది. పొగచూరిన దూలాలే అందుకు సాక్ష్యం. ఊరి బయట చెరకు గానుగల దగ్గర బెల్లం వండే పొయ్యిల్లో ఎండిన పిప్పి మండేది. పాకాల జంక్షన్‌లో మీటరుగేజి బొగ్గు ఇంజన్లు పొగ చిమ్మేవి. తిరుమల ఆలయ వంటశాల అయిన పోటులో లడ్డూ తయారీకి 1984 దాకా కట్టెలే వాడేవారు. ఇదంతా కనిపించే పొగ. కనిపించేది కాబట్టి దాన్ని తప్పించే ప్రయత్నం కూడా జరిగింది. పోటులోకి గ్యాసు వచ్చింది. కొండమీద అన్నప్రసాదం వంటకు సూర్యరశ్మితో ఆవిరి పుట్టించే పళ్లేలను అమర్చారు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం కింద మహిళా సంఘాల సభ్యులకు వంటగ్యాసు కనెక్షన్లు అందాయి. 2016లో కేంద్రం ఉజ్వల పథకం తెచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అయిదు ఇళ్లలో నాలుగింటికి పైగా శుభ్రమైన వంట ఇంధనం వాడుతున్నాయి. పాకాల మీదుగా వెళ్లే పట్టాల మీద ఇప్పుడు కరెంటు ఇంజన్లు నడుస్తున్నాయి. ఆడవాళ్ల ఊపిరితిత్తులకు గడిచిన పాతికేళ్లలో కలిగిన ఈ ఉపశమనం మన ప్రాంత ప్రజారోగ్య చరిత్రలో పెద్ద ఘట్టం. దానికి తగిన గుర్తింపు ఇంకా రాలేదని నా అభిప్రాయం.

అదే కాలంలో మరో కథ సమాంతరంగా నడిచింది. 1944 దాకా తిరుమలకు వెళ్లే భక్తుడు నడిచి ఎక్కాలి, లేదా డోలీలో వెళ్లాలి. ఆ ఏడాది మొదటి ఘాట్ రోడ్డు తెరుచుకుంది. 1974లో రెండోది వచ్చింది. ఈ రెండు రోడ్లు దర్శనాన్ని ముసలివారికి, రోగులకు, పసిపిల్లల తల్లులకు అందుబాటులోకి తెచ్చాయి. ఆ మేలును ఎవరూ కాదనలేరు. ఇప్పుడు రోజుకు అరవై వేల నుంచి తొంభై వేల మంది దాకా కొండకు వస్తున్నారు. వారి కోసం బస్సులు, జీపులు, కార్లు, ద్విచక్ర వాహనాలు ఎత్తైన మలుపుల్లో కింది గేరులో ఎక్కుతాయి, బ్రేకులు పట్టుకుంటూ దిగుతాయి. ఎక్కేటప్పుడు ఇంజన్ ఎక్కువ ఇంధనం తాగుతుంది. దిగేటప్పుడు బ్రేకు, టైరు అరిగి ధూళి పుడుతుంది. 1886లో మునిసిపాలిటీ అయిన తిరుపతి 2007లో నగరపాలక సంస్థ అయింది. 2011 నాటికే జనాభా 2.87 లక్షలు. ఊరికి వచ్చిపోయేవారి సంఖ్య ఊళ్లో ఉండేవారికన్నా ఎన్నో రెట్లు ఎక్కువైన నగరాలు దేశంలో అరుదు.

ఈ కొత్త ధూళి స్వభావం కొంచెం చెప్పుకోవాలి. 10 మైక్రాన్లకు లోబడిన రేణువులను పీఎం 10 అని, 2.5 మైక్రాన్లకు లోబడినవాటిని పీఎం 2.5 అని కొలుస్తారు. మన తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. పీఎం 10లో రోడ్డు దుమ్ము, రాళ్ల క్రషర్ల పొడి, కట్టడాల సిమెంటు ఎక్కువ. పీఎం 2.5లో మంటల నుంచి, ఇంజన్ల నుంచి వచ్చిన మసి, గంధక వాయువులు గాలిలో మారి ఏర్పడిన సల్ఫేట్లు ఎక్కువ. మొదటిది చాలావరకు ముక్కులో, గొంతులో ఆగుతుంది. రెండోది ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా వెళుతుంది. అందులో మరీ సన్ననివి రక్తంలోకీ దిగుతాయి. అందుకే దాని దెబ్బ ఉబ్బసంతో ఆగదు. గుండెపోటు, పక్షవాతం, నెలతక్కువ కాన్పులు దాని ఖాతాలో చేరుతున్నాయి.

ఇక్కడ ఒక విదేశీ ఉదాహరణ దగ్గర కాసేపు ఆగుతాను. గాలి కాలుష్యం అనగానే అందరూ 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మిన పొగమంచును తలుచుకుంటారు. అయిదు రోజుల్లో వేల మంది చనిపోయారు. నాలుగేళ్లకు చట్టం వచ్చింది. అది కంటికి కనిపించిన విపత్తు. మనకు పాఠం చెప్పేది మాత్రం అమెరికాలో 1970లలో మొదలైన ఆరు నగరాల అధ్యయనం. హార్వర్డ్ పరిశోధకులు ఆరు ఊళ్లలో 8,111 మంది పెద్దలను 14 నుంచి 16 ఏళ్ల పాటు వెన్నంటి ఉన్నారు. వాటిలో పోర్టేజ్ లాంటి చిన్న ఊళ్లు కూడా ఉన్నాయి. 1993లో ఫలితాలు వెలువడ్డాయి. పొగతాగే అలవాటు వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, ధూళి ఎక్కువైన స్టూబెన్‌విల్‌లో మరణాల రేటు శుభ్రమైన పోర్టేజ్‌లోకన్నా 26 శాతం ఎక్కువని తేలింది. ఆ ఊళ్లలో ఏ రోజూ లండన్ విపత్తు లాంటిది జరగలేదు. ఎవరూ వీధిలో ఊపిరాడక పడిపోలేదు. మామూలు రోజులే పదిహేనేళ్ల పాటు పోగుపడి ఆయుష్షును కోశాయి. నాలుగేళ్లకు, 1997లో, అమెరికా పీఎం 2.5కు తొలిసారి ప్రమాణం పెట్టింది. దీర్ఘకాలపు లెక్క చేయగల పని అది.

మన ప్రమాణాల సంగతికి వస్తాను. గాలి కాలుష్య నివారణ చట్టం 1981లో వచ్చింది. 2009 నవంబరులో ప్రకటించిన జాతీయ ప్రమాణాల ప్రకారం పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదు. పీఎం 10 అయితే 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన మార్గదర్శకాలను సవరించి పీఎం 2.5 ఏడాది సగటును 5కు, ఒక రోజు సగటును 15కు తగ్గించింది. 2015 నుంచి పత్రికల్లో చూస్తున్న గాలి నాణ్యత సూచీలో పీఎం 2.5 రోజు సగటు 30 దాకా ఉంటే 'మంచిది' అని, 31 నుంచి 60 దాకా ఉంటే 'సంతృప్తికరం' అని రాస్తారు. అంటే మన దగ్గర సంతృప్తికరమని పేరు తెచ్చుకున్న రోజు ప్రపంచ ఆరోగ్య సంస్థ దృష్టిలో హద్దుకు నాలుగు రెట్లదాకా ఉండవచ్చు. ఢిల్లీలాంటి నగరాల జాబితాలో లేమని మనం సంతోషించే రోజులు చాలావరకు ఈ మధ్యస్థాయిలోనివే. ఆరు నగరాల అధ్యయనం హెచ్చరించిన రోజులూ ఇలాంటివే.

ఇక లెక్క ఎక్కడ రాశారన్నది. దశాబ్దాలుగా జాతీయ పర్యవేక్షణ కార్యక్రమం కింద కాలుష్య నియంత్రణ మండళ్లు ఎంపిక చేసిన చోట్ల వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 సార్లు ధూళి పట్టి తూచే పద్ధతి పాటిస్తున్నాయి. గంటగంటకూ కొలిచే స్వయంచాలక కేంద్రం మన ప్రాంతంలో ముందుగా తిరుమల మీద వెలిసింది. చాలా ఏళ్లు జాతీయ పట్టికలో తిరుపతి పేరు ఎదుట కనిపించిన అంకె ఆ కేంద్రానిదే. తిరుమల సముద్రమట్టానికి దాదాపు 850 మీటర్ల ఎత్తున, శేషాచల అడవి మధ్య ఉంది. తిరుపతి నగరం దానికి ఏడువందల మీటర్ల దిగువన, కొండ పాదం దగ్గర ఉంది. కొండమీది గాలిని చదివి కింద ఊరి గాలికి పేరు పెట్టుకున్నామన్న మాట. యంత్రం తప్పు చెప్పలేదు. అది తన చోటి గాలినే చెప్పింది. ఇటీవలి సంవత్సరాల్లో తిరుపతిలోని వైకుంఠపురంలోను, చిత్తూరులోని గంగినేని చెరువు దగ్గర కూడా కేంద్రాలు వచ్చాయి. దీర్ఘకాలపు ధోరణి చెప్పడానికి వాటి వయసు ఇంకా చాలదు. ఇప్పుడిప్పుడే రాయడం మొదలుపెట్టిన ఆ పుస్తకంలో ఒక్క పేజీ కూడా ఖాళీగా పోకుండా చూడడం ఈ తరం బాధ్యత.

చిత్తూరు సంగతి వేరు. 2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం ప్రారంభించి, వరసగా అయిదేళ్లు ప్రమాణాలు అందుకోని నగరాల జాబితా తయారుచేసింది. ఆంధ్రప్రదేశ్ నుంచి మొదట అయిదు నగరాలుండగా తరువాత మరో ఎనిమిది చేరి మొత్తం పదమూడయ్యాయి. అందులో చిత్తూరు ఉంది, తిరుపతి లేదు. కోట్ల మంది యాత్రికులు వచ్చే నగరం జాబితా బయట, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, బెల్లం మండీల ఊరు జాబితా లోపల ఉండడం చాలామందికి ఆశ్చర్యం కలిగించింది. చిత్తూరు భూగోళం తెలిసినవారికి ఆశ్చర్యం అక్కర్లేదు. బెంగళూరు, చెన్నైల మధ్య నడిచే లారీల దారి మీద ఆ ఊరు ఉంది. చుట్టుపక్కల గ్రానైటు కొట్టే చోట్లు, క్రషర్లు, ఇటుక బట్టీలు ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు నేల పొడిగా ఉంటుంది. జాబితాకు ప్రధాన కొలబద్ద పీఎం 10. దుమ్ము ఎక్కువైన ఊరు దానికి చిక్కుతుంది. సన్నధూళి ఎక్కువైన ఊరు తప్పించుకోవచ్చు. జాబితాలో ఉండడం వల్ల చిత్తూరుకు కార్యాచరణ ప్రణాళిక, నిధులు వచ్చాయి. జాబితాలో లేకపోవడం తిరుపతికి నిర్దోషిత్వ పత్రం కాదు.

మన గాలికి తనదైన రుతుచక్రం కూడా ఉంది. ఉత్తరాది వారి లెక్క మనకు పనికిరాదు. ఢిల్లీలో నవంబరు భయంకరమైన నెల. మనకు నవంబరులో ఈశాన్య రుతుపవనం కుండపోతగా కురిసి గాలిని కడిగేస్తుంది. మన గడ్డుకాలం వానలు వెనుదిరిగాక మొదలవుతుంది. జనవరి, ఫిబ్రవరి తెల్లవారుజాములలో నేల చల్లబడి, దాని మీది గాలి పొర కదలకుండా పడి ఉంటుంది. పగలు ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తుదాకా విస్తరించే పొర రాత్రి కొన్ని వందల మీటర్లకు కుంచించుకుపోతుంది. ఉత్తరాన కొండ గోడలా నిలిచిన తిరుపతిలో అప్పుడు పుట్టిన పొగ ఎక్కడికీ పోలేదు. సరిగ్గా అప్పుడే భోగి వస్తుంది. ఎండు కట్టెలు, పాత చాపలు వేసిన మంట వేరు, టైర్లు, ప్లాస్టిక్ వేసిన మంట వేరు. 2018 భోగి ఉదయం చెన్నైలో పొగ కమ్మి విమానాలు ఆలస్యమయ్యాయి. చెన్నై గాలి మనకు పరాయిది కాదు. ఫిబ్రవరి తరువాత శేషాచలంలో ఎండుగడ్డి అంటుకునే కాలం వస్తుంది. 2014 మార్చిలో తిరుమల చుట్టూ అడవి మండినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లతో నీళ్లు చల్లవలసి వచ్చింది.

ఈ గాలి పొరలను అర్థం చేసుకోవడానికి ప్రపంచంలో కొద్ది చోట్ల మాత్రమే ఉన్న సాధనసంపత్తి మన గడ్డమీదే ఉంది. పాకాల దగ్గర గాదంకిలో 1990ల ఆరంభం నుంచి, 1024 యాంటెన్నాలతో 53 మెగాహెర్ట్‌జ్ రాడార్ పనిచేస్తోంది. 1998లో జపాన్ సహకారంతో లేజరు కిరణాలతో ఆకాశంలోని ధూళి పొరలను చూసే లైడార్ వచ్చింది. ఆ కేంద్రమే ఇప్పటి జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల. బొగ్గు ఇంజన్లు ఊపిరి వదిలిన జంక్షన్ పక్కనే ఇంతటి విజ్ఞానశాల వెలియడం నాకు ఎంతో గర్వంగా ఉంటుంది. మన అనంతపురం విశ్వవిద్యాలయం కూడా పాలుపంచుకున్న ఇస్రో పరిశీలన జాలం 1985 నుంచి దేశంలో గాలిలోని ధూళి సాంద్రతను నమోదు చేసింది. 2013లో వెలువడిన దాని విశ్లేషణ ప్రకారం 1985 నాటి విలువలో ఏటా దాదాపు 2.3 శాతం చొప్పున ధూళి పెరుగుతూ వచ్చింది. పెరుగుదల డిసెంబరు నుంచి మార్చి దాకా, అంటే మన గడ్డుకాలంలోనే, నిలకడగా ఎక్కువ. మన మీది ధూళిలో కొంత భాగం గాలివాటున దూరప్రాంతాల నుంచి వచ్చేదే. 1999లో హిందూ మహాసముద్రం మీద అంతర్జాతీయ బృందాలు చేసిన పరిశీలన శీతకాలంలో ఉపఖండం నుంచి సముద్రం మీదికి సాగే మసక పొరను చూపించింది. తిరుపతి తన పొగను తాను మానుకున్నా, మిగిలిన దానికోసం ఇతర రాష్ట్రాలతో మాట్లాడవలసే ఉంటుంది. 2020 మార్చి 20న శ్రీవారి దర్శనం నిలిపివేసి, తరువాత కరోనా లాక్‌డౌన్‌తో దేశమంతా ఆగినప్పుడు గాలి తేటపడింది. సన్నధూళి సున్నాకు మాత్రం రాలేదు.

నిరాశ పడవలసిన పని లేదు. మన గాలి మెరుగైన ప్రతిసారీ దాని వెనుక ఒక నిర్ణయం ఉంది. 2000 ఫిబ్రవరిలో దేశమంతటా పెట్రోలులోంచి సీసం పోయింది. 2020 ఏప్రిల్ నుంచి ఇంధనంలో గంధకం పది లక్షల పాళ్లకు 50 నుంచి 10కి తగ్గింది. 2022 సెప్టెంబరులో కొండ పాదంలోని అలిపిరి నుంచి తిరుమలకు ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. ఇవన్నీ ఎంత మేలు చేశాయి? ఒక్కో మార్పుకు ముందు, తరువాత ఘాట్ రోడ్డు మొదట్లో, బస్టాండులో, బడి గేటు దగ్గర గాలి ఎలా ఉందో వరస తప్పని లెక్క ఉంటేనే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

లెక్క రాయడం ఈ నేలకు కొత్త కాదు. తిరుమల, తిరుపతి ఆలయాల గోడల మీద వెయ్యికి పైగా శాసనాలున్నాయి. 1930లలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వాటిని వెలుగులోకి తెచ్చారు. వాటిలో ఎక్కువ భాగం దీపానికి ఎంత నెయ్యి, నైవేద్యానికి ఎంత బియ్యం, ఆ ఖర్చు గడవడానికి ఏ ఊళ్లో ఏ కాలువ తవ్వించాలి అన్న వివరాలే. కాలువ పారితే పంట, పంట వస్తే దీపం. ముందు తరాలు ఆ సంబంధాన్ని రాతిలో చెక్కి మనకు అప్పగించాయి. కొలత, దాన్ని బహిరంగంగా గోడమీద పెట్టడం, దానికి బాధ్యులెవరో రాయడం, మూడూ అందులో ఉన్నాయి.

గాలికీ అవే కావాలి. వైకుంఠపురం, గంగినేని చెరువు కేంద్రాల అంకెలు నగరపాలక కార్యాలయం గోడమీద, బస్టాండులో తెలుగులో కనిపించాలి. అలిపిరి దగ్గర ఘాట్ రోడ్డు మొదట్లో ఒక కేంద్రం, రేణిగుంట, ఏర్పేడు వైపు పరిశ్రమలు పెరుగుతున్న దిక్కున మరొకటి కావాలి. చెత్తకు నిప్పుపెట్టే అలవాటు డిసెంబరు నుంచి మార్చి దాకా ఎంత హాని చేస్తుందో ప్రతి వార్డు సచివాలయానికి తెలియాలి. చెత్త తగలబెట్టవద్దని చెప్పే ముందు దాన్ని ఎత్తుకెళ్లే బండి రోజూ వచ్చేలా చూడాలి; ఆ బండి వెంట నడిచేవారికి మాస్కులు, ఏటా ఊపిరితిత్తుల పరీక్ష హక్కుగా అందాలి. గాదంకి శాస్త్రవేత్తలు, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, తిరుపతి ఐసర్ పరిశోధకులు గాలి పొర రేపు ఉదయం ఎంత పలచగా ఉండబోతుందో ముందురోజే చెప్పగలిగితే, బడిపిల్లల వ్యాయామం వేళ మార్చుకోవచ్చు.

అన్నింటికన్నా ముందు చేయదగిన పని మరొకటి ఉంది. తిరుపతిలోని రుయా, స్విమ్స్ ఆసుపత్రుల్లో, చిత్తూరు ప్రభుత్వాసుపత్రిలో ఉబ్బసంతో, గుండెపోటుతో రోజూ ఎంతమంది చేరుతున్నారో రిజిస్టర్లలో ఉంటుంది. గాలి అంకె మరోచోట ఉంటుంది. ఈ రెంటినీ తేదీ వారీగా ఒకే కాగితం మీద పక్కపక్కన రాయడం వచ్చే జనవరిలో మొదలుపెట్టవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఒక వైద్య విద్యార్థి, ఒక గణాంక విద్యార్థి, వారిని ప్రతి ఏడూ కొనసాగించే ఒక విభాగం చాలు. మదనపల్లె పల్లెల్లో డెబ్భై ఏళ్ల కింద ఇంటింటికీ తిరిగి చేసిన పనికన్నా ఇది ఎంతో సులువు. ఆ పనికి పూనుకోగల వైద్యులు, ఆచార్యులు ఈ సభలో ఉన్నారు. వారిని పేరుపేరునా అడగడానికే నేను ఈ ఆహ్వానాన్ని అంగీకరించాను.